తొలి ఎయిర్ రైఫిల్

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్వర్ణపతకం సాధించాడు. వ్యక్తిగత క్రీడాంశంలో భారతదేశానికి లభించిన తొలి ఒలింపిక్ స్వర్ణమది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యపతకం గెలుచుకున్నాడు. ఇటువంటి విజయాలు చూసి ఈ క్రీడపై మనసుపడే యువతీయువకులు ఎందరో. అయితే తొలి రైఫిల్‌ను ఎన్నుకోవడంలోనే పలువురు పొరబడుతుంటారు.

శక్తి ఎక్కువగా ఉన్న తుపాకియే మేలైనదని సామాన్యుల నమ్మకం. ఈ పోటీలో వాడే గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. గుండు ఛేదించవలసింది పలుచని కాగితాన్ని. కనుక ఇక్కడ బలంకంటె నిలకడ ముఖ్యం.

ఎయిర్ రైఫిళ్ళలో రెండు రకాలు ప్రధానమైనవి. స్ప్రింగు రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బిగించిన స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ గాలి ఒత్తిడికి గుండు వెలువడుతుంది. దీని ధర తక్కువ. కాని గుండు గొట్టం దాటకముందే తుపాకి అదురుతుంది. గురి తప్పినప్పుడు దోషం చేతిదో, తుపాకిదో కొత్తవారికి తెలియదు. రెండవ రకంలో గాలిని ముందుగానే సిలిండరులో అధిక పీడనంతో నింపి ఉంచుతారు. అదురు అత్యల్పం. పోటీలలో పాల్గొనేవారు వాడేది ఇదే; ధర మాత్రం ఎక్కువ.

రైఫిల్ శరీరానికి అమరడం మరింత ముఖ్యం. పోటీలో నిలబడి, 75 నిమిషాలలో 60 గుండ్లు పేల్చాలి. నియమాల ప్రకారం రైఫిల్ బరువు 5.5 కిలోలకు మించరాదు; ఎదిగే వయసువారికి అంత బరువూ భారమే. భుజానికి ఆనించినప్పుడు మెడ వంచకుండానే కన్ను గురిచూసే రంధ్రానికి ఎదురుగా రావాలి. అందుచేత శిక్షణ కేంద్రంలోని రైఫిళ్ళతో కొన్ని నెలలు సాధన చేసి, శిక్షకుని సలహాతో కొనడం ఉత్తమం. అప్పుడు తల్లిదండ్రుల కష్టార్జితం వృథా కాదు.

ఎయిర్ రైఫిల్ ఆటబొమ్మ కాదు. దాని గుండు కంటిచూపును హరించగలదు. ఖాళీగా ఉన్నదనుకున్న తుపాకిని సైతం మనుషులవైపు తిప్పరాదు. గురి కుదిరేవరకు ట్రిగ్గర్‌పై వేలు ఉంచరాదు. పిట్టలపై గురి చూడడం తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన పక్షులను వేటాడడం నేరం.

తుపాకి చేతికి రాకముందే ఈ క్రమశిక్షణ అలవడాలి. అది అలవడినవారికే గురి కుదురుతుంది.