గేమ్ మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోతోందా?

ప్రశ్న: గేమ్ మొదలెట్టిన 20 నిమిషాలకే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. మౌస్ కదలదు, శబ్దం గుర్రుమంటూ ఒకేచోట ఆగిపోతుంది. విండోస్ మళ్లీ వేయించినా అంతే. ఏం చేయాలండీ?

జవాబు: విండోస్ జోలికి ఇక వెళ్లకండి. కాసేపు బాగా ఆడి ఆగిపోతోందంటే నా మొదటి అనుమానం వేడి మీదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే వేడి కొలిచే ప్రోగ్రామ్ తెరిచి ఉంచి ఆడండి. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గరే ఉంటోందా? అయితే కంప్యూటర్ ఆపి, కరెంటు ప్లగ్ పీకి, కేసు పక్క పలక విప్పండి. కూలర్ ఫ్యాన్ వెనక, రేకుల సందుల్లో దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ తిరగకుండా రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. అప్పటికీ తగ్గకపోతే కూలర్ తీసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి.

వేడి మామూలుగానే ఉంటే ర్యామ్‌ని చూడాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపేసి ఒకరోజు ఆడండి. బిగుసుకోవడం మానేస్తే దొంగ దొరికినట్టే. కొత్త గ్రాఫిక్స్ కార్డు మాత్రం దయచేసి ఇప్పుడే కొనకండి.