ఒక మిల్లీమీటరు విలువ
(ప్రేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో అంచుల కొలత)

విద్యార్థులారా! సూక్ష్మదర్శినితో కొలవడం ప్రాక్టికల్ మార్కుల కోసమేనని చాలామంది అనుకుంటారు. అదే కొలత ఒక రోగికి తరువాత ఇవ్వవలసిన చికిత్సను నిర్ణయించడంలో ఎలా తోడ్పడుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అంచు అంటే ఏమిటి?

పండులో కుళ్ళిన చోటును తీసేటప్పుడు చుట్టూ కొంత మంచి భాగాన్ని కూడా కోసేస్తాం. క్యాన్సర్ గడ్డ విషయంలో సర్జన్ చేసేదీ అదే. అలా తీసిన కణజాలంలో కత్తి తగిలిన తలాన్నే అంచు అంటారు. పెద్దప్రేగు చివరి భాగం పురీషనాళం. అక్కడ తీసిన ముక్కకు పై అంచు, కింది అంచు ఉంటాయి. చుట్టూ ఉన్న కొవ్వు పొర వెలుపలి తలం మూడవది. దీనిని చుట్టు అంచు అందాం. కటి ఎముకల మధ్య చోటు ఇరుకు కనుక ఈ అంచు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఎలా తెలిసింది?

ఆ కొవ్వు పొరను చెదరకుండా పూర్తిగా తీయాలని ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో వివరించారు. 1986లో లీడ్స్ నగరంలో ఫిలిప్ క్విర్క్ బృందం 52 మంది రోగుల నుంచి తీసిన భాగాలను అడ్డంగా కోసి పరీక్షించింది. 14 మందిలో క్యాన్సర్ చుట్టు అంచు వరకు వ్యాపించి ఉంది. ఆ 14 మందిలో 12 మందికి వ్యాధి కటి భాగంలో తిరిగి వచ్చింది. అప్పటినుంచి ఈ అంచుకు ప్రాధాన్యం పెరిగింది.

కొలిచే విధానం

1. కణజాలం చెడకుండా ఫార్మలిన్‌లో ఉంచుతారు.
2. కోయడానికి ముందే చుట్టు అంచుకు సిరా పూస్తారు.
3. గడ్డ ఉన్న భాగాన్ని 3 నుంచి 5 మి.మీ. మందం గల బిళ్ళలుగా అడ్డంగా కోస్తారు.
4. వాటిని మైనంలో పొదిగి, పలుచని పొరలుగా తీసి, రంగు వేసి గాజుపలకపై అమరుస్తారు.
5. క్యాన్సర్ కణాల నుంచి సిరా గీత వరకు అతి తక్కువ దూరాన్ని కొలుస్తారు.

ఆ దూరం 1 మి.మీ. లేదా అంతకన్నా తక్కువైతే అంచుకు వ్యాధి సోకినట్లే లెక్క.

ఒక ఉదాహరణ

కంటికటకంలోని స్కేలుపై 40 గీతలు 1 మి.మీ.కు సమానం అనుకుందాం. అప్పుడు ఒక్కో గీత 0.025 మి.మీ. దూరం 32 గీతలైతే 32 × 0.025 = 0.8 మి.మీ. అంటే అంచుకు వ్యాధి సోకింది. స్కేలును ముందుగా సరిచూడకపోతే ఈ ఫలితమే తారుమారవుతుంది.

తల్లిదండ్రులకు

ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగితే పేథాలజీ రిపోర్టును జాగ్రత్తగా భద్రపరచండి. చుట్టు అంచు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. అంచుకు సోకిందన్నంత మాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. గడ్డ లోతు, శోషరస గ్రంథుల స్థితి, ముందు జరిగిన చికిత్స కూడా చూసి డాక్టర్లు తదుపరి చికిత్సను నిర్ణయిస్తారు.

అభ్యాసం

1. సిరాను కోయడానికి ముందే ఎందుకు పూయాలి?
2. పై స్కేలులో దూరం 60 గీతలైతే ఎన్ని మి.మీ.? అంచుకు సోకినట్లా, కాదా?

జవాబులు: 1. కోసిన తరువాత పూస్తే సర్జన్ కోసిన తలమేదో, ల్యాబులో కోసిన తలమేదో తెలియదు. 2. 1.5 మి.మీ.; సోకలేదు.