బోధన ఒక అమానతు

2016లో జిల్లా కేంద్రమైన కామారెడ్డికి ఎల్లారెడ్డి వైపు నుంచి కూడా పిల్లలు చదువు కోసం వస్తుంటారు. వారిలో మన పిల్లలు చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, తరగతిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో పాఠం వింటారు. అర్థం కాకపోయినా లేచి అడగడానికి కొందరికి నోరు రాదు. వెనక బల్ల మీద మౌనంగా కూర్చుంటారు.

ఉపాధ్యాయులుగా మేమూ ఒకప్పుడు ఆ మౌనాన్ని మొద్దుతనం అనుకున్నాం. మంచి మార్కులు తెచ్చేవారిని ముందు వరసలో కూర్చోబెట్టి, బడికి పేరు తెచ్చేది వారేనని సంబరపడ్డాం. అది పొరపాటని తర్వాత తెలిసివచ్చింది.

తల్లిదండ్రులు మన చేతికి అప్పగించిన ప్రతి బిడ్డా ఒక అమానతు. ప్రతి ఒక్కరూ కాపరియేననీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాలనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. మందలో చురుకైన గొర్రె తన దారి తానే వెతుక్కుంటుంది. కాపరి అవసరం కుంటుతూ వెనకబడిన దానికే ఎక్కువ.

దివ్యఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస' నేపథ్యం గమనించండి. దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులకు ధర్మం బోధిస్తుండగా, అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలన్న తపనతో వచ్చారు. ఆ క్షణంలో ఆయనపై శ్రద్ధ చూపనందుకు అల్లాహ్ తన ప్రవక్తనే హెచ్చరించాడు. ఆ అంధుడే తర్వాత మదీనాలో ముఅజ్జిన్ అయ్యారు.

మరో సంఘటన. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) తెలియక నమాజులో మాట్లాడారు. దైవప్రవక్త (స) ఆయన్ని కొట్టలేదు, కసరలేదు. నమాజు ముగిశాక నెమ్మదిగా వివరించారు. అంతటి మంచి బోధకుణ్ణి తాను ఎన్నడూ చూడలేదని ఆయన జీవితాంతం గుర్తుంచుకున్నారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఉపాధ్యాయుడు వేళకు రావాలనీ, ప్రతి పిల్లవాని శక్తిని గమనించి అవసరమైతే అదనంగా బోధించాలనీ నిర్దేశించింది.

కాబట్టి పాఠం ముగించే ముందు వెనక బల్ల వారిని ఒక్క ప్రశ్న అడుగుదాం. అర్థం కాకపోతే ఇంటి భాషలో ఒక్క మాట చెబుదాం. తప్పు చెప్పిన బిడ్డను నలుగురిలో నవ్వులపాలు చేయకుండా ఉందాం. తల్లిదండ్రులు కూడా ర్యాంకు ఎంత అని అడిగే ముందు, ఈరోజు ఏం అర్థం కాలేదని అడగాలి.

ప్రళయదినాన మనల్ని అడిగేది ఎన్ని ర్యాంకులు తెచ్చామని కాదు, అప్పగించిన బిడ్డల్ని ఏం చేశామని. ఈ అమానతును నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.