చేను చివరి మలుపు

చిరంజీవి అమ్మలుకు,

టెక్సాస్‌లో పత్తి చేలకు మందు కొట్టే విమానం నేర్చుకోబోతున్నానని రాశావు. కరెంటు తీగల గురించి అక్కడ అందరూ హెచ్చరిస్తారు, విను. నేను చేను చివర తీసే మలుపు గురించి రాస్తున్నాను.

పది పన్నెండు అడుగుల ఎత్తున చాలు వెంట పోతున్నంతసేపు వేగం చాలినంత ఉంటుంది. చేను దాటి ముక్కు పైకెత్తగానే ఆ వేగం కరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే రెక్క వాల్చి వెనక్కి తిరగాలి. స్టాల్ అంటే రెక్క గాలి మీద పట్టు కోల్పోవడం. అది వచ్చేది వేగం తగ్గినందుకు కాదమ్మా, ఎదురొచ్చే గాలికి రెక్క చేసే కోణం హద్దు దాటినందుకు. ఆ హద్దు సుమారు 15 డిగ్రీలు. స్టిక్ గట్టిగా లాగితే ఏ వేగంలోనైనా దాటుతుంది. తిన్నగా పోతూ గంటకు 70 మైళ్ల దగ్గర స్టాలయ్యే విమానం, ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల వాలులో తిరిగితే 83 దగ్గరే స్టాలవుతుంది. 60 డిగ్రీలైతే 99. మందు నింపే హాపర్ నిండుగా ఉంటే ఈ అంకెలన్నీ ఇంకా పైకి జరుగుతాయి. అందుకే లోడు ఎత్తుకున్నాక తీసే మొదటి మలుపును, ఖాళీ హాపర్‌తో తీసే చివరి మలుపును ఒకేలా తీయకు.

గాలి కంటిని మోసం చేస్తుంది. వెనకగాలిలో నేల జోరుగా పరుగెడుతుంటే మనకు బోలెడు వేగం ఉన్నట్టే అనిపిస్తుంది. ఎయిర్‌స్పీడ్ ముల్లు మాత్రం కిందికి దిగుతూ ఉంటుంది. ఈలోగా కొట్టాల్సిన చాలు దాటిపోతున్నట్టు కనబడుతుంది. చెయ్యి స్టిక్ లాగుతుంది, కాలు లోపలి వైపు రడ్డర్ తొక్కుతుంది. ప్రాణం తీసేది ఈ రెండూ కలిసినప్పుడే. స్టిక్‌లో సన్నగా వణుకు పుడుతుంది, ఒక్కోసారి అదీ తెలియదు. లోపలి రెక్క ముందు స్టాలై విమానం ఆ వైపుకే తిరగబడుతుంది. రెండు వందల అడుగుల ఎత్తులో దాన్ని సరిచేసే చోటు ఉండదు.

వణుకు తెలియగానే లాగడం ఆపి స్టిక్ ముందుకు వదులు, ఆ తర్వాతే రెక్కలు సమం చెయ్యి. ఇంకా మునిగిపోతుంటే డంప్ లివర్ లాగి మందంతా వదిలెయ్. దాని ఖరీదు గురించి ఆలోచించకు. చాలు తప్పితే తప్పనీ, ఇంకోసారి వెడల్పుగా తిరిగి రా.

1950లో టెక్సాస్ ఎ అండ్ ఎం కాలేజీలో ఫ్రెడ్ వీక్ ఏజీ-1 అనే మందు కొట్టే విమానాన్ని తయారు చేసినప్పుడు, కూలినా పైలట్ బతకాలన్నది ముఖ్యమైన లెక్కగా పెట్టుకున్నాడు. హాపర్ ముందు, పైలట్ దాని వెనక ఎత్తుగా. నువ్వు ఎక్కబోయే విమానంలోనూ ఆ అమరికే చూస్తావు. ఆయన మీద నాకు అంతులేని గౌరవం.

చేలమీదికి దిగేముందు, మీ ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకుంటే, నాలుగు వేల అడుగులకు ఎక్కు. ముందు ఖాళీ హాపర్‌తో, తర్వాత సగం నీళ్లు పోసి, 30 డిగ్రీల వాలులో ఒకసారి, 45లో ఒకసారి నెమ్మదిగా స్టాల్ దాకా తీసుకెళ్లి చూడు. ఎక్కడెక్కడ వణికిందో అంకెలు నాకు రాసి పంపు.

మీ మామయ్య