అపవాదు మోసిన పక్షి

గుడ్లగూబకు సంస్కృతంలో ఉలూకం, కౌశికం, దివాంధం అనే పేర్లున్నాయి. దివాంధం అంటే పగటివేళ చూపులేనిదని అర్థం. ఈ పేరు యథార్థం కాదు. రాత్రి వేటకు అనువైన దాని విశాల నేత్రాలు పగలు కూడా చూడగలవు. కనుగుడ్లు అటూ ఇటూ కదలవు కనుక, పక్కకు చూడవలసి వచ్చినప్పుడు అది తలనే తిప్పుతుంది.

ఆఫ్రికాలోని సహారా ఎడారిలో సంచరించే ఫారో గుడ్లగూబకు దగ్గరి బంధువు మన దక్కను పీఠభూమిపై ఉంది. అదే కొండ గుడ్లగూబ. సుమారు 50 నుంచి 56 సెంటీమీటర్ల పొడవు, నారింజ వన్నె కళ్లు, శిరస్సుపై కొమ్ములను తలపించే ఈకల కుచ్చులు దీని లక్షణాలు. ఆ కుచ్చులు చెవులు కావు. ఇది గూడు కట్టుకోదు. రాతి అరుగుల మీద, కొండ చరియల చాటున గుడ్లు పెడుతుంది.

హైదరాబాదు పాతబస్తీలో 1694లో పూర్తయిన మక్కా మసీదు గ్రానైటు శిలలతో నిర్మితమైనది. ఆ శిలాజాతికి చెందిన గుట్టలే నగర పరిసరాలన్నింటా వ్యాపించి ఉన్నాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసు గల ఇటువంటి బండలే కొండ గుడ్లగూబకు ఆవాసం. నగర విస్తరణ కోసం ఒక గుట్టను పేల్చివేస్తే దాని కాపురం కూడా కూలిపోతుంది.

పంచతంత్రంలోని కాకోలూకీయంలో గుడ్లగూబలు కొండగుహలో నివసిస్తాయి. కాకులు గుహద్వారం వద్ద కట్టెలు పేర్చి నిప్పంటించి వాటిని సంహరిస్తాయి. నేడు ఆ నిప్పు మనుషుల చేతిలో ఉంది. గుడ్లగూబ వాలిన ఇల్లు పాడుబడుతుందని లోకుల నమ్మిక. నిజానికి ఇల్లు పాడుబడిన తరువాతనే అది అక్కడికి చేరుతుంది. నిర్జన గృహంలో ఎలుకలు, తొర్రలు, ప్రశాంతత దానికి లభిస్తాయి. ఫలితాన్ని కారణంగా భ్రమించడం వల్లనే ఈ అపవాదు పుట్టింది.

ఈ మూఢవిశ్వాసమే క్షుద్రపూజలకు ఊతమిస్తున్నది. దీపావళి సమయంలో ధనలాభాన్ని ఆశించి గుడ్లగూబలను బలి ఇచ్చేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని వేటాడడం, విక్రయించడం నేరం. పంటను తినే ఎలుకలను రాత్రంతా వేటాడే ఈ పక్షి రైతుకు జీతం అడగని కావలిది. దానిని చంపినవాడు తన ధాన్యాన్ని తానే ఎలుకల పాలు చేసుకుంటున్నాడు.