పాత రికార్డులు – క్రొత్త ప్రతులు



మన బరంపురములో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబముల యిండ్లలో, అటకల మీదను పాత పెట్టెలలోను గ్రామఫోను రికార్డులు ఇప్పటికిని కనబడుచుండును. వానిలో పౌరాణిక నాటక పద్యములు, హరికథలు, త్యాగరాజ కీర్తనలు, సినిమా పాటలు కలవు. వినిపించు యంత్రము చెడిపోయినదనియో, ఇల్లు ఇరుకైనదనియో వానిని పాత సామానుల వానికి ఇచ్చివేయువారు కలరు. అట్టి రికార్డులలోని ధ్వనిని ఇంటియందే కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచు విధానమును ఈ పాఠములో తెలిసికొందము.

ఈ పని మనకు వేడుక మాత్రమే కాదు. 1936 వరకు మద్రాసు రాజధానిలో నుండిన మన ఊరు ఆ సంవత్సరమున ఒడిశాలో చేరినది. ఇచ్చటి మన పిల్లలు వీధిలో ఒడియాను, ఇంటిలో తెలుగును మాటలాడుచు పెరుగుచున్నారు. రెండు భాషలు వచ్చుట భాగ్యమే. అయితే ఒడియా పలుకుబడిలో శ, ష, స అను మూడక్షరములును ఇంచుమించుగా సకారమువలెనే వినబడును. అది ఆ భాషకు సహజము. తెలుగు పద్యమును శ్రద్ధతో చదువువారి నోట ఈ మూడింటికిని భేదము కలదు. ఆ భేదమును చెవితో విననిదే నోటితో పలుకజాలము. పద్యమును స్ఫుటముగా చదివిన ఆనాటి నటుల, గాయకుల కంఠములు మనకు ఉచ్చారణ నేర్పు గురువులు. కావున మనము తీయు ప్రతిలో ఆ అక్షరములు చెడకుండ నిలుచుట అన్నిటికంటె ముఖ్యము.

1. గాడిలోని ధ్వని

1887లో ఎమిల్ బెర్లినర్ చదునైన పళ్లెముపై ధ్వనిని ముద్రించు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల పాటలను రికార్డు చేసెను. పళ్లెముపై ఒక సన్నని గాడి అంచునుండి లోపలికి చుట్టలు చుట్టుకొని పోవును. ధ్వని తరంగములను అనుసరించి ఆ గాడి గోడలు వంకరలు తిరిగియుండును. ముల్లు ఆ వంకరల వెంట కదలును. ఆ కదలికయే మరల ధ్వనియగును.

నిమిషమునకు 78 మార్లు తిరుగు పాత రికార్డులలో ముఖ్య పదార్థము లక్క. అవి క్రిందపడినచో పెంకువలె పగులును. 10 అంగుళముల రికార్డు ప్రక్కకు సుమారు 3 నిమిషములు మాత్రమే మ్రోగును. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డులు వినైల్ అను ప్లాస్టికుతో చేయబడినవి. అవి నిమిషమునకు 33⅓ మార్లు తిరుగుచు, ప్రక్కకు 20 నిమిషములకు పైగా మ్రోగును. అట్టి రికార్డులో ఒక ప్రక్కనున్న గాడిని చాచి పరచినచో నాలుగైదు వందల మీటర్ల పొడవుండును. అంత పొడవున ఎచ్చట ధూళి యున్నను అది చిటపటయని వినబడును.

2. శుభ్రపరచుట

సముద్రమునకు దగ్గరగానున్న మన ఊరిలో వానకాలపు చెమ్మకు రికార్డులపై బూజు పట్టును. ముందుగా మెత్తని బ్రష్షుతో గాడి వెంబడి గుండ్రముగా దుమ్మును దులుపవలెను. వినైల్ రికార్డును డిస్టిల్డ్ వాటరుతో తడిపిన, నూగులేని మెత్తని బట్టతో తుడిచి, నిలువుగా పెట్టి ఆరబెట్టవలెను. కుళాయి నీరు ఆరినపుడు దానిలోని లవణములు గాడిలో మిగులును. నడుమనున్న కాగితపు లేబులును తడుపరాదు.

లక్క రికార్డును స్పిరిటుతో ఎన్నడును తుడువరాదు. లక్క స్పిరిటులో కరుగును; దానితోపాటు గాడియు, గాడిలోని కంఠమును పోవును.

3. ముల్లు, యంత్రము

78 రికార్డునకు తగిన ముల్లు మొన లాంగ్ ప్లే ముల్లు మొనకంటె ఇంచుమించు నాలుగు రెట్లు లావు. సన్నని ముల్లును పాత రికార్డుపై పెట్టినచో అది గాడి అడుగున దొరలుచు గరగర శబ్దమును పట్టును. అట్లే తాతల నాటి కీ గ్రామఫోనుపై లాంగ్ ప్లే రికార్డును వాయించరాదు. దాని బరువైన ఉక్కు ముల్లు మెత్తని వినైల్ గాడిని ఒక్కసారికే దున్నివేయును. నేటి టర్న్‌టేబుళ్లలో చాలవాటికి ముల్లుపై బరువు 2 గ్రాముల ప్రాంతముననే యుండును.

ముల్లు కదలికనుండి పుట్టు విద్యుత్తు అత్యల్పము. సాధారణముగా ఒక వోల్టులో 200వ వంతు ఉండును. దానిని పెంచుటకు ఫోనో ప్రీఆంప్లిఫయరు అను సాధనము కావలెను. దానికి మరియొక పని కూడ కలదు. రికార్డు చేయునపుడు మంద్ర ధ్వనులను తగ్గించి, తార ధ్వనులను హెచ్చించి గాడిలో చెక్కుదురు. ఈ సాధనము దానిని తలక్రిందు చేసి, ధ్వనిని యథాస్థితికి తెచ్చును. 1954లో ఈ హెచ్చుతగ్గులకు ఒకే కొలమానము ఏర్పడినది. అంతకుముందు వచ్చిన రికార్డులకు కొలతలు వేరు వేరు. యు.ఎస్.బి. తీగ గల టర్న్‌టేబుళ్లలో పెక్కింటికి ఈ సాధనము లోపలనే అమర్చబడి యుండును. తీగలు కలుపునపుడు నేల తీగను మరచినచో, సెకనుకు 50 ఆవృత్తుల కరెంటు హోరు పాటయంతటను వినబడును.

4. ధ్వనిని అంకెలుగా మార్చుట

కంప్యూటరు తరంగమును తరంగముగా దాచలేదు. అది క్షణక్షణమున తరంగపు ఎత్తును కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనును. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 ఆవృత్తుల వరకు వినగలదు. ఒక తరంగమును సరిగా పట్టుటకు దాని ఆవృత్తికి రెండింతలకు మించి కొలతలు తీయవలెను. అందుచేతనే కాంపాక్టు డిస్కునకు సెకనుకు 44,100 కొలతలు ఏర్పరచిరి. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాసినచో 65,536 మెట్లు లభించును; 24 బిట్లతో వ్రాసినచో 1,67,77,216 మెట్లు లభించును.

భద్రపరచు ప్రతికి 96,000 కొలతలు, 24 బిట్లు చక్కని ఏర్పాటు. దీనికి రెండు మార్గముల ధ్వనియైన నిమిషమునకు 3,45,60,000 బైట్ల చోటు పట్టును. ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాముతో ఈ పనియంతయు చేయవచ్చును.

కంప్యూటరు తెరపై ధ్వని బలమును చూపు కొలబద్ద యుండును. దాని పైయంచు సున్న. ధ్వని ఆ అంచును తాకినచో తరంగపు శిఖరము తెగిపోవును. తెగిన శిఖరము మరల అతుకదు. కావున రికార్డులో అన్నిటికంటె బిగ్గరగా వినబడు చోటును ముందుగా వాయించి చూచి, అచ్చట సున్నకు 6 డెసిబెళ్లు తక్కువగా నుండునట్లు అమర్చుకొనవలెను.

5. మేము చేసిన పొరపాటు

ఇచ్చట మా అనుభవమొకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట ఒక విద్యార్థి తన తాతగారి పద్యముల రికార్డును మాకు తెచ్చియిచ్చెను. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి, బుసబుస శబ్దము లేకుండ చేయవలెనను ఉత్సాహముతో శబ్దమును తొలగించు సాధనమును మితిమీరి వాడితిమి. ప్రతి నిశ్శబ్దముగా, తేటగా తోచినది. మొదటి ప్రతిని తుడిచివేసితిమి. తరగతిలో దానిని వినిపించి వ్రాయుమనగా, పిల్లలు పెక్కుమంది ‘శరణు’ అను మాటను ‘సరణు’ అని వ్రాసిరి. మేము వారిని మందలించి, మరల వింటిమి. తప్పు వారిది కాదు. శకార సకారముల భేదము తెలియజేయు సన్నని ఊదుధ్వని సెకనుకు 3,000 నుండి 8,000 ఆవృత్తుల ప్రాంతమున నుండును. ముల్లు బుస కూడ అక్కడనే యుండును. బుసను తీసివేయబోయి అక్షరమును తీసివేసితిమి. మరల ఎక్కింపవలెనని అడుగగా, ఇల్లు మారునపుడు ఆ రికార్డు పగిలినదని తెలిసినది. ఆ కంఠపు శకారము ఇక మాకు వినబడదు.

అందుచే ఒక నియమము పెట్టుకొంటిమి. ముల్లునుండి వచ్చిన ధ్వనిని ఏ మార్పును చేయక మొదటి ప్రతిగా దాచవలెను. శుభ్రపరచుట రెండవ ప్రతిలోనే చేయవలెను. అందును చిటపటలను మాత్రము తీసి, బుసను కొంత ఓర్చుకొనవలెను. తీసివేసిన శబ్దమును వేరుగా వినిపించుకొని, దానిలో మాటలు వినబడుచున్నవేమో పరీక్షింపవలెను. వినబడినచో హద్దు మీరితిమని గ్రహింపవలెను.

6. భద్రపరచుట

మొదటి ప్రతిని వేవ్ రూపమున గాని ఫ్లాక్ రూపమున గాని దాచవలెను. ఫ్లాక్ తక్కువ చోటు పట్టును, ధ్వనిలో ఒక్క అంకెయు పోగొట్టదు. ఎంపీ3 రూపము ఫోనులో వినుటకు చాలును గాని, చోటు తగ్గించుటకై కొంత ధ్వనిని విడిచివేయును. ఒక ప్రతిని ఇంటిలోను, మరియొక ప్రతిని వేరు డిస్కుపై బంధువుల యింటిలోను ఉంచుట మేలు. లేబులును ఫోటో తీసి, గాయకుని పేరు, రికార్డు సంఖ్య, ఎవరి యింటిదో తెలుగులో వ్రాసి జతపరచవలెను. మన చట్టము ప్రకారము ధ్వని ముద్రణపై హక్కు ప్రచురణకు మరుసటి సంవత్సరము నుండి 60 ఏండ్లుండును. కావున ఇంటి ప్రతులను నలుగురికిని పంచిపెట్టరాదు.

తల్లిదండ్రులకు మా మనవి: ప్రతి తీసిన పిదపను రికార్డును పారవేయకుడు. దానిని నిలువుగా, ఎండ తగులని పొడిచోట ఉంచుడు. మన ప్రతిలో లోపమున్నచో దానిని దిద్దుకొనుటకు ఆధారము ఆ రికార్డే.

అభ్యాసము

1. సెకనుకు 44,100 కొలతలు, 16 బిట్లు, రెండు మార్గములు: 40 నిమిషముల రికార్డునకు ఎన్ని బైట్లు కావలెను?
2. లక్క రికార్డును స్పిరిటుతో ఏల తుడువరాదు?
3. మీ యింటిలో గాని మీ తాతగారి యింటిలో గాని గల రికార్డుల పట్టిక వ్రాయుడు. వానిలో ఒకదానిని ఎవరు, ఎప్పుడు, ఏల కొనిరో పెద్దలనడిగి పది వాక్యములలో వ్రాసి తెండు.