బోటు రేడియోలో గరగర: కారణాలు, నివారణ

విజయవాడ

రవికి,

మచిలీపట్నం దగ్గర గిలకలదిండి హార్బరు నుంచి వేటకు వెళ్లే మరబోట్లలో వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, జీపీఎస్, ఎకో సౌండరు, ఎల్ఈడీ దీపాలు, సెల్‌ఫోను చార్జర్లు ఒకే ఇరుకు క్యాబిన్లో సర్దుకోవాలి. వీటిలో ఒకదానిలో పుట్టిన విద్యుత్ రొద మరొకదాని పనిని చెడగొట్టడమే విద్యుదయస్కాంత జోక్యం. ఇందులో మూడు అంగాలుంటాయి: రొద పుట్టించే పరికరం, అది పాకే దారి, దెబ్బతినే పరికరం. దారి వైర్ల గుండా కావచ్చు, గాలిలోంచి కావచ్చు. ఏ అంగాన్ని సరిచేసినా గొడవ తగ్గుతుంది గానీ, పుట్టినచోటే ఆపడం చవక.

ఎల్ఈడీ దీపంలోని డ్రైవరు కరెంటును సెకనుకు వేలసార్లు, కొన్నిటిలో లక్షలసార్లు తెంచి కలుపుతుంది. ఫిల్టరు లేని నాసిరకం దీపమైతే ఆ రొద వీహెచ్ఎఫ్ దాకా పాకుతుంది. ఆపదలో పిలిచే చానల్ 16 పౌనఃపున్యం 156.8 మెగాహెర్ట్జ్, ఓడల ఉనికి తెలిపే ఏఐఎస్ 162 మెగాహెర్ట్జ్ చుట్టూ పనిచేస్తుంది. రెండూ ఈ రొద పరిధిలోవే. అమెరికా కోస్ట్‌గార్డ్ 2018లో దీని మీద భద్రతా హెచ్చరిక జారీ చేసింది. దగ్గరి బోటు మాట బాగానే వినిపిస్తుంది, దూరపు పిలుపే రొదలో మునిగిపోతుంది. అందుకే లోపం చాలాకాలం బయటపడదు.

పరీక్షకు ఖర్చు లేదు. ఇంజను ఆపి, సెట్టు ఒక్కటే ఆన్ చేసి, మాటల్లేని చానల్‌లో స్క్వెల్చ్‌ను (గరగరను అణిచే మీటను) గరగర అప్పుడే ఆగేచోట నిలపాలి. తర్వాత దీపాలు, ఇన్వర్టరు, చార్జర్లు, పంపులు ఒక్కొక్కటే వేయాలి. దేన్ని వేస్తే గరగర తిరిగి మొదలవుతుందో దోషం దానిదే. ఇంజను వేగంతోపాటు కూత పెరిగితే ఆల్టర్నేటరు వైపు చూడాలి. చిటపటలైతే పంపు మోటారు బ్రష్షులను అనుమానించాలి. బోట్లు పక్కపక్కనే కట్టి ఉన్నచోట, సొంత పరికరాలన్నీ ఆపినా గరగర పోకపోతే అది పక్కబోటుది కావచ్చు. 2001లో కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ రేవులో జీపీఎస్ పనిచేయకపోతే వెతకగా, బోట్ల మీది టీవీ యాంటెన్నాల ఆంప్లిఫయర్లు కారణమని తేలింది.

దోషం దొరికాక మొదట ఆ పరికరాన్ని మార్చాలి. అది కుదరకపోతే యాంటెన్నాకు దూరంగా జరపాలి. కరెంటు వైర్లను యాంటెన్నా కేబుల్ పక్కన కట్టగా కట్టకూడదు. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. పోను, రాను వైర్లను మెలివేస్తే వాటి అయస్కాంత క్షేత్రాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. దిక్సూచికి కూడా మేలు. సెట్టుకు బ్యాటరీ నుంచి విడిగా లైను ఇవ్వాలి. వైరు మీద ఫెర్రైటు రింగు పరికరానికి ఆనుకుని ఉంటేనే ఫలితం. ఉక్కు ఓడకు హల్లే మంచి ఎర్త్; చెక్క, ఫైబర్ బోట్లకు నీటి మట్టం కింద లోహపు పలక అవసరం. తుప్పు పట్టిన ఎర్త్ జాయింటు ఉన్నా లేనట్టే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలం ఈ పనులకు అనువైనది.

పెద్ద ఓడల్లో ఇది చట్టంతో ముడిపడిన విషయం. 2002 జులై 1న, ఆ తర్వాత నిర్మించిన ఓడల్లో బ్రిడ్జి మీద, దాని సమీపంలో అమర్చే విద్యుత్ పరికరాలకు, ఒకదాని పనిని మరొకటి చెడగొట్టకుండా ఉంటాయో లేదో తేల్చే పరీక్ష జరగాలని ఓడల భద్రతకు చెందిన అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం అంటుంది. ఐఈసీ 60945 ప్రమాణం పరీక్షల తీరు చెబుతుంది. దిక్సూచి దగ్గర అమర్చే పరికరాలు దానికి కనీసం ఎంత దూరంలో ఉండాలో కూడా తయారీదారు తెలపాలి. యుద్ధనౌకల్లో రాడార్లు, రేడియోలు ఒకేచోట కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఏది ఎప్పుడు ప్రసారం చేయాలో కూడా ముందే నిర్ణయిస్తారు. 1982 మే 4న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్ ఉపగ్రహ ప్రసారంలో ఉన్నప్పుడు, శత్రు రాడార్లను పసిగట్టే దాని రిసీవరు పనిచేయలేకపోయింది. ఎక్సోసెట్ క్షిపణి తగిలి 20 మంది మరణించారు.

కొత్త పరికరం ఏది బిగించినా, చిన్న దీపమైనా సరే, స్క్వెల్చ్ పరీక్ష మళ్లీ చేయాలి. ఫలితాన్ని తేదీతో బోటు పుస్తకంలో రాయాలి. తర్వాత గరగర వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

శుభాశీస్సులతో,
పెదనాన్న